పొలానికి ఈసీ ఉంది, పెళ్లికొడుక్కి లేదు

ఈ వారం ఉత్తరం పాలకొల్లు దగ్గర ఒక ఊరి నుంచి వచ్చింది. రాసినావిడకి 36 ఏళ్లు. పేరు, ఊరు వేయొద్దన్నారు. ఏడు పేజీల ఉత్తరంలో విషయం ఇదీ.

నాన్న పోయి పదకొండేళ్లయింది. అప్పటి నుంచి చెల్లెలి చదువూ బాధ్యతా ఆవిడే చూసుకున్నారు. చెల్లెలికి 27 ఏళ్లు, తణుకులో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నర్సు. ఈవిడ భర్త రొయ్యల చెరువులు లీజుకి చేస్తారు. మధ్యవర్తి ద్వారా ముమ్మిడివరం వైపు సంబంధం కుదిరింది. అబ్బాయికి 33, ఏడేళ్లుగా మస్కట్‌లో ఉద్యోగం. కార్తీకంలో తాంబూలాలు పుచ్చుకున్నారు, ఆత్రేయపురం నుంచి పూతరేకులు తెప్పించి పంచారు. మాఘంలో ముహూర్తం, ఇంకా ఆరు వారాలుంది. ఫంక్షన్ హాలుకి అడ్వాన్సు ఇచ్చేశారు, శుభలేఖలు అచ్చయ్యాయి.

పోయిన నెల రావులపాలెంలో ఒక గృహప్రవేశానికి వెళ్లారు. భోజనాలయ్యాక చేతులు కడుక్కునే దగ్గర పక్కన నిలబడ్డ ఒకావిడ, మాటల్లో పెళ్లికొడుకు ఇంటిపేరూ ఊరూ విని, "ఆ అబ్బాయా? అన్నవరంలో ఒకసారి అయింది కదా!" అన్నదట. ఈవిడ మొహం చూసి నాలుక్కరుచుకుని, "ఏమోలెండి, వేరే అబ్బాయేమో" అంటూ చెంగుతో చేతులు తుడుచుకుని వెళ్లిపోయింది. ఆవిడెవరో ఇప్పటికీ తెలియదు.

మధ్యవర్తిని అడిగితే కోప్పడ్డాడు. భర్తకి చెబితే, గిట్టనివాళ్లు పెట్టే పుల్లలు పట్టించుకుంటే లోకంలో ఒక్క పెళ్లీ అవ్వదన్నారు. ఒక సబ్‌రిజిస్ట్రారు ఆఫీసుకి వెళితే, "ఏ తేదీ? అమ్మాయి పేరేంటి? అవి లేకుండా ఏం వెతకమంటారు?" అని పంపేశారు. చివరికి నెట్ సెంటర్ కుర్రాడొకడు, అబ్బాయి ఆధార్ నంబరూ ఎనిమిది వేలూ ఇస్తే పాత పెళ్లి వివరాలన్నీ తీసిస్తానన్నాడు. చెల్లెలికి మాత్రం ఇంతవరకూ ఒక్క ముక్క చెప్పలేదు. "ఎకరం పొలం కొంటే ఈసీ తీయించుకుంటాం కదండీ, పెళ్లికొడుక్కి అలాంటిదేమీ ఉండదా? వాళ్లకి తెలియకుండా కనుక్కునే దారి చెప్పండి. రాత్రుళ్లు నిద్ర పట్టడం లేదు" అని ముగించారు. ఈసీ అంటే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్, ఒక ఆస్తి మీద నమోదైన లావాదేవీలు చూపే కాగితం.

అమ్మా,

మీ ఈసీ మాట చదివి ముందు నవ్వొచ్చింది. తర్వాత చాలాసేపు అదే పట్టుకుని కూర్చున్నాను, ఎందుకంటే మీ టెన్షన్ అంతా ఆ ఒక్క మాటలోనే ఉంది. మా నాన్న రిజిస్ట్రారు ఆఫీసు అరుగు మీద దస్తావేజులు రాసేవారు. ఈసీ అంత నమ్మకంగా ఎందుకుంటుందో చిన్నప్పటి నుంచీ చూశాను. పొలం కదలదు. దాని సర్వే నంబరు మారినా ఎక్కడికి మారిందో కాగితం ఉంటుంది. పైగా పొలం అమ్మకం రిజిస్టరు కాకపోతే అసలు అమ్మినట్టే కాదు, కాబట్టి ప్రతి అమ్మకమూ పుస్తకంలోకి రాక తప్పదు.

పెళ్లికి ఈ రెండూ లేవు. మనిషి ముమ్మిడివరంలో పుట్టి, కాకినాడలో చదివి, అన్నవరంలో తాళికట్టి, మస్కట్‌లో ఉంటాడు. ఇక నమోదు సంగతికొస్తే, మన రాష్ట్రంలో 2002లోనే పెళ్లి నమోదు తప్పనిసరి అంటూ చట్టం వచ్చింది, 2006లో సుప్రీంకోర్టు దేశమంతా నమోదు చేయించాలంది. కానీ 1955 నాటి హిందూ వివాహ చట్టం 8వ సెక్షన్ ఇంకోమాట కూడా చెబుతుంది. నమోదు చేయించనంత మాత్రాన పెళ్లి చెల్లకుండా పోదు. సంప్రదాయం ప్రకారం తంతు జరిగితే అది పెళ్లే. అటు తిప్పి చూస్తే, తంతు ఏమీ లేకుండా సర్టిఫికెట్ ఒక్కటీ తెచ్చుకుంటే అది పెళ్లి కాదని 2024లో సుప్రీంకోర్టే చెప్పింది.

అంటే ఏమిటో చూడండి. రిజిస్టరులో అతని పేరు దొరికితే మీకు గట్టి ఆధారం దొరికినట్టు. దొరక్కపోతే మాత్రం అతనికి పెళ్లి కాలేదని కాదు, మీరు చూసిన పుస్తకంలో లేదని మాత్రమే. మీరు వెతుకుతున్నది రెండో రకం జవాబు, "ఏమీ లేదు" అని ఎవరో రాసివ్వాలని. అది ఏ ఆఫీసూ ఇవ్వలేదు.

అలాగని వెతకొద్దనడం లేదు. హిందూ వివాహ రిజిస్టరు దాచిపెట్టుకునే పుస్తకం కాదు. అదే 8వ సెక్షన్ ప్రకారం ఆఫీసు వేళల్లో ఎవరైనా చూడొచ్చు, దరఖాస్తు పెట్టి రుసుము కడితే నకలు ఇవ్వాలి. ఆ నకలు కోర్టులో సాక్ష్యంగా చెల్లుతుంది. కాబట్టి మీరు వెళ్లింది తప్పు కాదు. కానీ కౌంటరులో కూర్చున్నవాళ్లు అడిగిందీ పూర్తిగా తప్పు కాదు. ఆ పుస్తకాల్లో పెళ్లిళ్లు నమోదైన వరసలో ఉంటాయి. ఏ ఏడాదో, ఏ నెలల మధ్యో చెప్పకపోతే చూసేవాడు ఎక్కడ మొదలుపెట్టాలి?

పైగా మన వైపు పేర్ల సంగతి మీకు నేను చెప్పాలా? అన్నవరం స్వామి పేరు పెట్టుకోని ఇల్లుందా? వీర వెంకట సత్యనారాయణలు ఊరికి పదిమంది. ఇంట్లో బుజ్జి, స్నేహితులకి సత్తిబాబు, పదో తరగతి సర్టిఫికెట్లో వి.వి. సత్యనారాయణ, పాస్‌పోర్టులో ఇంకోలా. ఒకసారి మా నాన్న దగ్గరికి ఒక పెద్దాయన తన పెళ్లి నకలు కోసమే వచ్చాడు. రెండు పూటలు వెతికారు. చివరికి చూస్తే ఇంటిపేరులో "వ" ఉండాల్సిన చోట "ప" రాసి ఉంది. సొంత పెళ్లి వెతుక్కోవడానికే అంత పట్టింది.

ఎక్కడ వెతకాలన్నది ఇంకో చిక్కు. పెళ్లి జరిగిన చోట నమోదు చేయించి ఉండొచ్చు, లేదా ఇద్దరిలో ఎవరో ఒకరు ఉండే ఊరి పరిధిలో. ఆ అమ్మాయిది ఏ ఊరో మీకు తెలియదు. 2022లో జిల్లాలు విడగొట్టాక అన్నవరం కాకినాడ జిల్లాలోకి, ముమ్మిడివరం కోనసీమలోకి వెళ్లాయి, కాబట్టి పాత తూర్పుగోదావరి చిరునామా పట్టుకుని తిరగొద్దు. అన్నవరం కొండ మీద పెళ్లికి దేవస్థానంలో రుసుము కట్టి పేర్లు రాయిస్తారు నిజమే. కానీ అది దేవస్థానం లెక్క, చట్టం కింద నడిచే వివాహ రిజిస్టరు కాదు. ఏ మాఘంలోనో వైశాఖంలోనో మంచి ముహూర్తం రోజున ఆ కొండ మీద ఎన్ని పెళ్లిళ్లవుతాయో మీరూ చూసే ఉంటారు. మెట్ల మీద కూడా చోటు దొరక్క రెండు పెళ్లి బృందాలు ఒకే బాజా పంచుకోవడం నేను చూశాను. క్రైస్తవుల పెళ్లయితే చర్చి రిజిస్టరు, ముస్లింలదైతే ఖాజీ పుస్తకం. ఇక యానాం పక్కనే ఉన్నా పుదుచ్చేరి కిందిది, అక్కడి పుస్తకం ఆంధ్రాలో ఎంత వెతికినా కనబడదు. సందర్భం వచ్చింది కాబట్టి చెబుతున్నాను, పాతవాళ్లు యానాన్ని కళ్యాణపురం అనేవారు. 1929లో బాల్యవివాహాలు ఆపే శారదా చట్టం వచ్చినప్పుడు అది ఫ్రెంచి పాలనలో ఉన్న యానాంకి వర్తించలేదు. పిల్లల్ని పడవలెక్కించి తీసుకెళ్లి అక్కడ పెళ్లి చేసి తెచ్చేవారు. ఏటికి అవతల చట్టం వేరు, పుస్తకం వేరు అన్న సంగతి మనవాళ్లకి అప్పుడే తెలుసన్నమాట.

నెట్ సెంటర్ కుర్రాడి సంగతి. ఎనిమిది వేలు ఇవ్వకండి. ఆధార్ తీసుకునేటప్పుడు పెళ్లయిందా లేదా అని అసలు అడగరు. లేని సమాచారం అతనెక్కడి నుంచి తీస్తాడు? పేరు కొడితే దేశంలో ఎవరి పెళ్లి వివరమైనా చూపించే వెబ్‌సైట్ కూడా ఏదీ లేదు. అతను మీకిచ్చేది ఒక ప్రింటు కాగితం, అది నిజమో కల్పించిందో చెప్పడానికి మీ దగ్గర ఏమీ ఉండదు. ఇంకో మాట, అబ్బాయి ఆధార్ నంబరు మీరు బయటివాడి చేతిలో పెట్టారని రేపు తెలిస్తే, అప్పటిదాకా తప్పు ఎవరిదైనా ఆ రోజు నుంచి మీదవుతుంది. సచివాలయంలో తెలిసిన ఉద్యోగుల్ని పట్టుకుని పెళ్లికొడుకు ఇంటి కార్డు చూపించమనడమూ అంతే. పాపం, చూపించినవాళ్ల ఉద్యోగం పోతుంది.

ఖర్చు లేకుండా, ఎవరినీ బతిమాలకుండా చూడగలిగింది ఒకటుంది. ఈ-కోర్ట్స్ వెబ్‌సైట్లో పార్టీ పేరు, సంవత్సరం ఇచ్చి కేసులు వెతకొచ్చు. రాష్ట్రం, జిల్లా, కోర్టు ఎంచుకోవాలి. అతనికి నిజంగా పెళ్లయి చెడి ఉంటే విడాకులో, మనోవర్తో, గృహహింసో ఏదో ఒక కేసు ఉండే అవకాశం ఎక్కువ. అమలాపురం, కాకినాడ, రాజమండ్రి కోర్టులు చూడండి. 2003 నుంచి భార్య తను ఉండే చోట కూడా విడాకుల కేసు వేయొచ్చు కాబట్టి అది విశాఖలోనో విజయవాడలోనో ఉన్నా ఉండొచ్చు. ఇక్కడా పేర్ల బెడద తప్పదు. పేరు దొరికినా అది ఇతనే అని తండ్రి పేరుతో సరిపోల్చుకోకుండా నమ్మకండి.

ఇప్పుడు మీరు అడగనిదాని గురించి. వాళ్లకి తెలియకుండా కనుక్కోవాలని ఎందుకు అనుకుంటున్నారు? ఉత్తరం రెండుసార్లు చదివాను. అడిగితే సంబంధం చెడుతుందేమోనన్న భయం ప్రతి పేజీలో ఉంది. కానీ అడిగినందుకే చెడిపోయే సంబంధం అయితే, పెళ్లయ్యాక మీ చెల్లెలు ఆ ఇంట్లో ఏం అడగగలుగుతుంది?

అబ్బాయినే అడగడం అన్నిటికన్నా తక్కువ టైం పట్టే పని. మధ్యవర్తి ద్వారా వద్దు, అతనికి కమిషన్ రావాలి. అబ్బాయి తల్లిదండ్రుల ముందు, పదిమందిలో అసలే వద్దు. పండక్కి అతను ఊళ్లోనే ఉంటాడు కదా. ఇంటికి పిలిచి, అరిసెలు పెట్టి, "బాబూ, మాకు ఒక మాట వినబడింది, నీ నోటితో విని మర్చిపోదామనుకుంటున్నాం" అని నిదానంగా అడగండి. పెళ్లయ్యాక మీ చెల్లెలి మస్కట్ వీసా కోసం పెళ్లి సర్టిఫికెట్ కావాలంటారు కాబట్టి కాగితాలు చూసుకోవడం ఎలాగూ ఉంది. పాస్‌పోర్టు చివరి పేజీలో భార్య పేరు రాసే చోటు ఉంటుంది, అది చూపించమనొచ్చు. అక్కడ ఖాళీగా ఉన్నంత మాత్రాన సరిపోదు గానీ, చూపించడానికి అతను ఎంత తటపటాయించాడో అది కూడా మీకు ఒక జవాబే.

అతను ఏం చెప్పొచ్చు?

పెళ్లయింది, కోర్టులో విడాకులయ్యాయి అంటే, డిక్రీ నకలు అడగండి. తేదీ చూడండి. అప్పీలుకి 90 రోజుల గడువు ఉంటుంది, అది దాటిందా, ఎవరైనా అప్పీలు వేశారా అన్నది ఒక వకీలుకి చూపించుకోండి. విడాకులైనవాడు చెడ్డవాడని నేననను. ఒకసారి చెడిందంటే పిల్లనివ్వరన్న భయంతో దాచేవాళ్లు మన దగ్గర చాలామంది, ఆ భయం పుట్టించింది కూడా మనమే. అప్పుడు ప్రశ్న పెళ్లి గురించి కాదు, దాచడం గురించి. దానికి జవాబు చెప్పాల్సింది మీ చెల్లెలు.

పెద్దల్లో పెట్టి తెగతెంపులు చేసుకున్నాం, స్టాంపు పేపరు ఉంది అంటే మాత్రం అక్కడే ఆగండి. ఈ మాట మన వైపు ఎంత మామూలో మీకు తెలుసు. రావిచెట్టు కింద పెద్దమనుషులు కూర్చుని, వందరూపాయల స్టాంపు పేపరు మీద "ఇకపై మాకు ఒకరితో ఒకరికి సంబంధం లేదు" అని రాయించి, ఇద్దరితో సంతకాలు, వెనక నలుగురు సాక్షులు. మా నాన్న అలాంటివి రాయనని వెనక్కి పంపేవారు, అందుకు ఊళ్లో తిట్లు కూడా తిన్నారు. కులాచారంగా అలాంటి విడాకులు ఉన్నాయని కోర్టులో రుజువు చేయగలిగితే తప్ప ఆ కాగితం విడాకులు కాదు. మొదటి భార్య ఉండగా, విడాకులు కాకుండా చేసుకున్న పెళ్లి మొదటి నుంచీ చెల్లదు. మీ చెల్లెలికి భార్య హోదా ఉండదు. పుట్టే పిల్లలకి మాత్రం చట్టం రక్షణ ఇచ్చింది, వాళ్లు సక్రమ సంతానమే. మొదటి పెళ్లి దాచి రెండోది చేసుకుంటే భారతీయ న్యాయ సంహిత 82వ సెక్షన్ కింద పదేళ్ల దాకా శిక్ష పడొచ్చు. కానీ అతను జైలుకి వెళితే మీ చెల్లెలికి ఒరిగేదేముంది? ఈ పరిస్థితి వస్తే ముహూర్తం వాయిదా ఒక్కటే దారి. వాళ్లిద్దరూ నిజంగా విడిపోదామనుకుంటే పరస్పర అంగీకారంతో కోర్టులో విడాకులు తెచ్చుకోవచ్చు. ఆరు నెలల వ్యవధిని తగిన కారణం ఉంటే కోర్టు తగ్గించవచ్చని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది. అయినా మాఘానికి అయ్యే పని కాదు.

అసలేమీ లేదు, పచ్చి అబద్ధం అన్నాడనుకోండి. అది నిజం కావచ్చు. ఆ గృహప్రవేశంలో కలిసినావిడ వేరే అబ్బాయి గురించి అనుకుని ఉండొచ్చు, ఒకే ఇంటిపేరుతో ఆ ఊళ్లో ఎన్ని ఇళ్లుంటాయో. అప్పుడు మీ ముందు రెండు దారులు. ఒకటి, అతని మాట నమ్మి ముందుకెళ్లడం, పెళ్లికి ముందే అవివాహితుడినని ప్రమాణ పత్రం తీసుకోవడం, పెళ్లయిన వెంటనే రిజిస్టరు చేయించడం. అబద్ధమని తర్వాత తేలితే ఆ కాగితం మీకు బలం. ముఖ్యమైన విషయం దాచి మోసంతో పెళ్లి చేసుకున్నారని తెలిసిన ఏడాదిలోగా ఆ పెళ్లి రద్దు చేయమని అడిగే హక్కు చట్టంలో ఉంది. కానీ ప్రమాణ పత్రం అబద్ధాన్ని ఆపదు.

రెండోది మన వైపు ఎవరూ ఆలోచించరు గానీ మీ ప్రశ్నకి అన్నిటికన్నా దగ్గరగా వచ్చేది. 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం కింద నోటీసు ఇవ్వడం. కులాంతర వివాహాలకే అది అనుకుంటారు, కాదు, ఎవరైనా చేసుకోవచ్చు. వధూవరుల పేర్లు ఆఫీసులో నోటీసుగా పెడతారు. 30 రోజుల్లోపు ఎవరైనా అభ్యంతరం చెప్పొచ్చు. అబ్బాయి వేరే జిల్లావాడైతే నోటీసు కాపీ ఆ జిల్లా అధికారికి కూడా పంపాలి. మీకున్నది ఆరు వారాలు, సరిపోతుంది. పండగ సెలవులు లెక్కేసుకోండి. రెండు వైపులా "ఇదేంటి, లేచిపోయి చేసుకుంటున్నట్టు" అంటారు, అనుకోనివ్వండి. అయినా ఇది కూడా ఈసీ కాదు. ఆ మొదటి అమ్మాయి ఆ నోటీసు బోర్డు చూస్తుందన్న గ్యారంటీ లేదు. కానీ దాచుకోవాల్సింది ఉన్నవాడు ఆ కాగితం మీద సంతకం పెట్టడానికి మామూలుగా ఇష్టపడడు.

మీ వారి మాట గురించి. ఆయన పరువు అంటున్నారు. ఆయన్ని తప్పుపట్టను, చెరువులో రొయ్యకి తెల్లమచ్చ తెగులు వచ్చిన ఏడాది అడ్వాన్సులు పోగొట్టుకునే స్థితిలో ఎవరుంటారు? కానీ తెల్లమచ్చ కనబడితే ఆయనే కదా రాత్రికి రాత్రి పట్టుబడి చేసేది, అంటే ఉన్న రొయ్యలన్నీ పట్టేసేది, ఇంకో వారం ఆగితే సైజు పెరుగుతుందని ఆగరు కదా. ఈ పోలిక ఆయనతో మీరే చెప్పండి, నేను చెప్పానని వద్దు. అన్నట్టు లాంఛనాల కింద ఇచ్చామని మీరు రాసిన మొత్తం నేనిక్కడ వేయలేదు. 1961 నుంచి కట్నం తీసుకోవడమే కాదు, ఇవ్వడం కూడా నేరమే. కనీసం మిగతాది ఆపండి.

ఇక చెల్లెలు. ఉత్తరంలో ఆ అమ్మాయి గురించి ఉన్నవి నాలుగే వాక్యాలు, అందులో ఒకటి "దాన్ని బాధపెట్టడం ఇష్టం లేదు" అని. నాన్న పోయాక మీరే అన్నీ మోశారు, అలవాటైపోయింది. కానీ రోజూ నైట్ డ్యూటీలో పేషెంట్ల ఇంటివాళ్లకి చెడ్డ కబురు చెప్పే పిల్ల ఆమె. తన పెళ్లి గురించి ఊళ్లో ఎవరో ఒక మాట అన్నారని వినలేనంత చిన్నది కాదు. ఇంకో సంగతి, తాంబూలాలైన దగ్గర్నుంచీ వాళ్లిద్దరూ ఫోన్లో మాట్లాడుకుంటూనే ఉంటారు. అతను ఈపాటికే ఆమెకి చెప్పేసి ఉండొచ్చు. మీకు ఎలా చెప్పాలో తెలియక ఆమె కూడా మీలాగే నిద్రపోకుండా ఉందేమో ఎవరికి తెలుసు?

అందుకని నా సలహా వరస ఇదీ. ఈ-కోర్ట్స్‌లో ఈ రాత్రే చూడండి, దానికి ఎవరి పర్మిషనూ అక్కర్లేదు. ఏం దొరికినా, ఏమీ దొరక్కపోయినా, తణుకు బస్సెక్కి ముందు చెల్లెలికి చెప్పండి, ఫోన్లో కాదు. అతన్ని ఎవరు అడగాలి, తనా మీరా, అడగడానికి ముందు రిజిస్టరు వెతకాలా వద్దా అన్నది తనని తేల్చనివ్వండి. వెతకమంటే మాత్రం ఈసారి ఉత్త చేతులతో వెళ్లకండి. పదో తరగతి సర్టిఫికెట్లో ఉన్న పేరు, తండ్రి పేరు, పుట్టినతేదీ, అతను మస్కట్ నుంచి సెలవు మీద వచ్చిన నెలలు ఒక కాగితం మీద రాసుకెళ్లండి. అతను ఇక్కడ లేని నెలల్లో పెళ్లి జరిగే వీల్లేదు కాబట్టి, మస్కట్ వెళ్లాక అయిన పెళ్లయితే ఏడేళ్ల పుస్తకం నాలుగైదు నెలల పుస్తకమవుతుంది. ఆ సెలవుల తేదీలు మీకన్నా మీ చెల్లెలికే బాగా తెలుస్తాయి.